మ్రొక్కు, పూనకము, మనశ్శాస్త్రము

మన గృహములలో దేవుని పేరెత్తకుండ గడచు దినము లేదు. ఉదయమున గడపకు పసుపు పూయుట మొదలు రాత్రి దీపము కొండెక్కు వఱకు ఏదో యొక రూపమున ఆ తలంపు మనతోనే యుండును. బిడ్డకు జ్వరము వచ్చినచో ముడుపు కట్టుదుము. వాన రాకున్న గ్రామదేవతకు జాతర చేయుదుము. జాతరలో నొక యిల్లాలికి పూనకము వచ్చినచో ఆమె పాదములపై నీళ్లు పోసి మ్రొక్కుదుము. ఆ యిల్లాలికే మఱియొకనాడు ఇంటిలో అకారణముగ ఒడలు ఊగినచో మాత్రము దయ్యము పట్టినదందుము. ఈ రెంటికిని భేదమేమి? దైవచింతన మనస్సులో నెట్లు పుట్టుచున్నది? పుట్టి ఆ మనస్సును ఏమి చేయుచున్నది? ఈ ప్రశ్నలను పరిశోధించుట కొక శాస్త్రమే కలదు. దానిని మతమనస్తత్త్వశాస్త్రమందురు. అది చెప్పు సంగతులు పండితులకేగాక ఇల్లు నడపు స్త్రీలకును మిక్కిలి యవసరము. ఏలయన, పూనకము వచ్చునది యెక్కువగ స్త్రీలకు. దయ్యమును వదలించుటకై కొట్టు వేపమండల దెబ్బలు తగులునదియు స్త్రీలకే.

ఈ శాస్త్రము పుట్టి నూఱేండ్లు దాటినది. 1899లో అమెరికా దేశీయుడు ఎడ్విన్ స్టార్బక్ ఈ విషయముపై నొక గ్రంథమును ప్రకటించెను. భక్తి ఏ వయస్సున, ఏ మనఃస్థితిలో అంకురించునో జనులను ప్రశ్నలడిగి, వారి యుత్తరములను క్రోడీకరించి యతడు వ్రాసెను. పిమ్మట విలియం జేమ్సు అను మహాపండితుడు ఎడింబరో నగరమున నిచ్చిన యుపన్యాసములు 1902లో గ్రంథరూపము దాల్చినవి. మతానుభవములందలి వైవిధ్యమే ఆ గ్రంథవిషయము. భక్తులు తమ యనుభవములను గూర్చి వ్రాసికొనిన మాటలనే యతడు ముందుంచుకొని పరీక్షించెను. మన వివేకానందస్వామి రాజయోగమును గూర్చి చెప్పిన మాటలును అందు చేరియున్నవి.

జేమ్సు చెప్పినవానిలో మనము ముఖ్యముగ జ్ఞాపకముంచుకొనవలసిన మాట యొకటి కలదు. ఒక నమ్మకము ఎట్లు పుట్టినదనునది యొక ప్రశ్న. దాని విలువ యెంత యనునది వేఱొక ప్రశ్న. మొదటిదానికి వచ్చిన యుత్తరముతో రెండవదానిని తేల్చివేయరాదు. భక్తునికి వచ్చిన దర్శనము నరముల బలహీనతవలన పుట్టినదని వైద్యుడు చెప్పినంతమాత్రమున అది వ్యర్థమైపోదు. తామర బురదలో పుట్టినదని యెవరైన దానిని పూజకు పనికిరాదందురా? చెట్టును ఫలమునుబట్టి తెలిసికొన్నట్లు, విశ్వాసమును అది జీవితమున నిచ్చు ఫలమునుబట్టి తెలిసికొనవలయునని యాతని తీర్పు. ఈ కొలబద్దనే చేతబట్టుకొని మన ప్రాంతపు ఆచారములను కొన్నింటిని చూతము.

బేతంచెర్ల మన తెలుగునాట నేలబండలకు పేరుపొందిన యూరు. 2022వ సంవత్సరము వఱకు కర్నూలు జిల్లాలో నుండి, అటుపిమ్మట నంద్యాల జిల్లాలో చేరినది. చుట్టును ఎఱ్ఱమల కొండలు, సున్నపురాతి గనులు, వానకై యెదురుచూచు మెట్ట చేలు. ఆ కొండల నడుమ రంగాపురము చెంత మద్దిలేటి నరసింహస్వామి వెలసియున్నాడు. ఆ ప్రాంతమున మద్దిలేటి, మద్దమ్మ, మద్దయ్య యను పేర్లు ఎన్ని యిండ్లలో వినబడునో లెక్కలేదు. బిడ్డ పుట్టినచో నీ పేరు పెట్టుకొందుమని తల్లులు మ్రొక్కుకొనుటయే అందులకు కారణము. ఆ పేరు పెట్టుకొన్నవారెల్లరు ఒకనాటి తల్లి భయమునకును ఆశకును సాక్షులు.

మ్రొక్కు ఎందులకు పుట్టును? మొదటి ప్రపంచయుద్ధకాలమున మాలినోవ్‌స్కీ యను మానవశాస్త్రజ్ఞుడు పసిఫిక్ మహాసముద్రములోని ట్రోబ్రియాండ్ దీవులలో నివసించి యొక విశేషమును కనుగొనెను. అచ్చటి జాలరులు అలలు లేని కయ్యలో చేపలు పట్టునపుడు మంత్రతంత్రముల జోలికి పోరు. వారి చేతి నేర్పే చాలును. నడిసముద్రమునకు పోవునపుడు మాత్రము తప్పక మంత్రక్రియలు జరుపుదురు. నేర్పుతో నడచు పనికి మంత్రము అక్కఱలేదు. అదృష్టముమీద ఆధారపడు పనికే కావలయునని యతడు తేల్చెను. మన సీమకు దీనిని అన్వయించి చూడుడు. బండను చీల్చుటకు ఎవరును మ్రొక్కుకొనరు. ఉలి, సుత్తి, చేతి యొడుపు చాలును. గనిలోనికి దిగిన మగడు క్షేమముగ నింటికి రావలయునని మాత్రము ఇల్లాలు మ్రొక్కుకొనును. విత్తనము వేయుట రైతు చేతిలోనిది. వాన అతని చేతిలో లేదు. చేతిలో లేనిదాని యెదుట మనస్సు ఊరకుండజాలదు. ఏదో యొకటి చేయవలయును. పసుపు గుడ్డలో రూపాయి ముడివేసి దేవుని పటము చెంత నుంచుటతో ఆ గుండె దడ కొంత తగ్గును.

ఇది కేవలము ఊహ కాదు. మారిషస్ దీవిలో తెలుగువారు, తమిళులు, మరాఠీలు మొదలగు హిందువులు పెక్కు తరములనుండి కాపురమున్నారు. అచ్చట 75 మంది మరాఠీ స్త్రీలపై జరిగిన పరిశోధన 2020లో ప్రకటింపబడినది. ప్రకృతివైపరీత్యము వచ్చినచో ఏమి చేయుదురో ఆలోచించి వ్రాయుడని చెప్పి మొదట వారికి కొంత యాందోళనము కలిగించిరి. పిమ్మట కొందఱు తమ యలవాటు చొప్పున గుడిలో పూజ చేసికొనిరి. తక్కినవారు పూజ లేకుండ ఊరక కూర్చుండిరి. పూజ చేసినవారి యాందోళనము ఎక్కువగ తగ్గినట్లు వారి మాటవలనను, గుండె నడకను కొలుచు యంత్రమువలనను తేలినది. లయబద్ధముగ, మాటిమాటికి ఒకే తీరున జరుగు పని మనస్సునకు ఊతమగునని పరిశోధకుల యభిప్రాయము.

ఇందులకు తోడుగ మఱియొక సంగతి చెప్పవలయును. 2006లో లెబనాను యుద్ధము జరిగినపుడు ఇజ్రాయేలు దేశపు స్త్రీలు కొందఱు దావీదు కీర్తనలను పారాయణ చేసిరి. బాంబులు పడు తావుననే యున్నవారికి ఆ పారాయణము ఆందోళనమును తగ్గించినది. ఊరు విడిచి సురక్షితస్థలమునకు పోయినవారికి అట్టి ఫలము కానరాలేదు. వారి చింతలు వేఱు: బస, ఖర్చు, పిల్లల చదువు. అవి పని చేసి తీర్చుకొనవలసిన చింతలు. కాబట్టి మ్రొక్కు చోటు మ్రొక్కునకు, పని చోటు పనికి ఇచ్చుట వివేకము. బిడ్డకు ముడుపు కట్టుడు, తప్పులేదు. కట్టిన చేతితోనే మందును త్రాగింపుడు. ముడుపు తల్లి గుండెకు, మందు బిడ్డ జ్వరమునకు.

ఇక దర్శనముల సంగతి. బేతంచెర్ల ప్రాంతము గుహలకు నెలవు. బిల్లసర్గము గుహలను 1884లో రాబర్టు బ్రూస్ ఫూటు త్రవ్వించి ప్రాచీన జంతువుల యెముకలను వెలికి తీయించెను. యాగంటిలో గుహాలయములున్నవి. బనగానపల్లె యొద్ద రవ్వలకొండ గుహలో పోతులూరి వీరబ్రహ్మముగారు కాలజ్ఞానమును వ్రాసిరని ప్రసిద్ధి. గరిమిరెడ్డి అచ్చమ్మగారి యింట పశువుల కాపరిగ నుండి, ఆవులను మేతకు విడిచి, గుహలో కూర్చుండి వ్రాసెడివారట. తపస్సునకు గుహయే యేల? 1950 ప్రాంతమున కెనడాలోని మెగ్గిల్ విశ్వవిద్యాలయమున నొక పరీక్ష జరిగినది. విద్యార్థులను నిశ్శబ్దమైన గదిలో పరుండబెట్టి, వెలుతురు తప్ప రూపము కనబడని కండ్లద్దములను తగిల్చిరి. కొంతకాలమునకే పలువురకు లేని యాకారములు, దృశ్యములు కనబడజొచ్చినవి. వెలుపలి సందడి ఆగినపుడు మనస్సు తనలోని చిత్రములను తానే విప్పి చూపునని దీనివలన తేలినది.

ఇంతమాత్రమున మునులు చూచినదంతయు భ్రమయని తీర్మానింపవచ్చునా? కూడదు. ఆ విద్యార్థులకు కనబడినవి పిచ్చిగీతలు, చిల్లర బొమ్మలు. గుహ యొక్కటే యైనను లోపలికి పోయిన మనస్సు ఒక్కటి కాదు. కులభేదమును నిరసించి, దూదేకుల సిద్దయ్యను శిష్యునిగ చేర్చుకొన్న బ్రహ్మముగారి బోధను గుహ చీకటి చెప్పజాలదు.

కాలజ్ఞానమును నమ్మువారి మనస్సును గూర్చి మాత్రము శాస్త్రము చెప్పునది కలదు. ఏ విపత్తు వచ్చినను బ్రహ్మముగారు ముందే చెప్పిరని మనవారందురు. యాగంటి బసవన్న పెరుగుచున్నాడని, కలియుగాంతమున లేచి ఱంకె వేయునని నమ్మకము. జరిగినదానికి సరిపోవు మాటను మనస్సు వెంటనే పట్టుకొనును, సరిపోనివానిని మఱచిపోవును. అమెరికాలో నొక చిన్న భక్తబృందము 1954 డిసెంబరు 21న జలప్రళయము వచ్చునని నమ్మి యుండగా, లియాన్ ఫెస్టింజరు మొదలగు పండితులు వారిలో చేరి పరీక్షించిరి. ప్రళయము రాలేదు. నమ్మకము సడలుటకు మాఱుగ వారిలో పలువురు మునుపటికంటె నెక్కువ యుత్సాహముతో తమ మతమును చాటజొచ్చిరి. నమ్మకమునకై ఇల్లు వాకిలి వదలుకొన్నవాడు అది తప్పని యొప్పుకొనుట యెంత కష్టమో 1956లో వెలువడిన వారి గ్రంథము చెప్పుచున్నది. జోస్యము చెప్పువారికి ఆస్తి ధారపోయుటకు ముందు మన యిండ్లలో నీ సంగతి ఆలోచింపదగినది.

పూనకము గూర్చి చెప్పుటకు ముందు, జనులందఱును కూడి చేయు కొలువులో ఒడలికి కలుగు మార్పును చూడవలయును. అనంతపురము జిల్లా గూగూడులో కుళ్లాయప్ప పీరునకు మొహర్రము నెలలో జరుగు పండుగకు హిందువులు, ముస్లిములు కలసి పోవుదురు; అగ్నిగుండమును త్రొక్కుదురు. ఆచార్య అఫ్సర్ మహమ్మద్ ఈ పండుగను గూర్చి 2013లో నొక గ్రంథము ప్రకటించిరి. ఇట్టి నిప్పుల నడకయే స్పెయిను దేశములోని సాన్ పెద్రో మన్రికె గ్రామమునను కలదు. అచ్చట నడచువారి గుండెలను, చూచువారి గుండెలను యంత్రములతో కొలిచిన ఫలితములు 2011లో వెలువడినవి. నిప్పులపై నడచువాని గుండె ఏ తీరున కొట్టుకొనెనో, ఒడ్డున కూర్చున్న అతని బంధుమిత్రుల గుండెలును అదే తీరున కొట్టుకొనినవి. ఊరికి క్రొత్తవారైన ప్రేక్షకుల గుండెలు అట్లు కొట్టుకొనలేదు. డప్పు మ్రోగినపుడు ఊరంతయు ఒకే ఒడలగుచున్నదనుట అలంకారము మాత్రమే కాదన్నమాట.

ఇట్టి కొలువులోనే సుంకులమ్మ, పెద్దమ్మ, ఎల్లమ్మ మున్నగు దేవతలు స్త్రీల మీదికి వత్తురు. డప్పుల లయ, ఉపవాసము, సాంబ్రాణి పొగ, నిద్రలేమి, అందఱి యెదురుచూపు, ఇవన్నియు కలసి మనస్సును మామూలు దారినుండి తప్పించును. అది నటన కాదు. పూర్తిగ తెలిసి చేయునది కాదు. అయినను ఎట్లు ఊగవలయునో, ఏమి పలుకవలయునో చిన్ననాటనుండి చూచి నేర్చుకొన్నదే. గణాచారి పలికిన పలుకునకు ఊరిపెద్దలు తలలు వంతురు. ఇంటిలో నోరు విప్పిన గద్దింపబడు కోడలు, అమ్మవారై పలికినపుడు మామగారు చేతులు జోడించి వినును! సుధీర్ కాకర్ అను భారతీయ మనోవిశ్లేషకుడు రాజస్థానమున బాలాజీ గుడికి వచ్చు పూనకపు రోగులను పరిశీలించి 1982లో గ్రంథము వ్రాసెను. స్త్రీలు మనస్సులోనే అణచుకొన్న కోరికలు, కోపములు భూతము నోట వెలికి వచ్చుచున్నవని యాతని వ్యాఖ్య. దయ్యము పలికినదని భయపడుటకు ముందు, అది యేమి పలికినదో చెవియొగ్గి వినుట యింటివారి ధర్మము.

పూనకమెల్ల జబ్బు కాదు. 2022 జనవరినుండి అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థవారి రోగముల పట్టికలో ఈ భేదమును స్పష్టముగ చెప్పిరి. మతాచారములో భాగముగ, నలుగురు అంగీకరించిన రీతిని వచ్చు పూనకమును రోగముగ లెక్కింపరాదు. తాను కోరకయే, ఆచారముతో సంబంధము లేకయే వచ్చి, మనిషిని బాధించి, సంసారమును చెఱచునదే చికిత్సకు తగినది. మద్రాసు, అక్రా, కాలిఫోర్నియాలోని సాన్ మెటియో, ఈ మూడు తావులందును మనోవ్యాధితో లేని గొంతులు వినువారిని 20 మంది చొప్పున ప్రశ్నించి 2015లో ప్రకటించిన పరిశోధన మఱియొకటి కలదు. అమెరికా రోగులకు వినబడిన గొంతులు తఱచు హింసను గూర్చి పలికినవి. మద్రాసు రోగులలో పలువురకు తల్లి, అత్త మొదలగు బంధువుల గొంతులే వినబడి, వంట చేయుమని, స్నానము చేయుమని మందలించినవి. జబ్బునకు సైతము మన యిల్లే భాష నిచ్చుచున్నది. ఆ యింటి మాట మృదువైనదైనచో జబ్బు మాటయు కొంత మృదువగునేమో!

గుడికి తీసికొనిపోయిన నయమగునా యని పలువురు తల్లులు అడుగుదురు. బెంగుళూరులోని జాతీయ మానసిక ఆరోగ్యసంస్థ వైద్యులు తమిళనాడులో నొక గుడికి వచ్చిన 31 మంది మనోరోగులను పరిశీలించి 2002లో తమ నివేదికను ప్రకటించిరి. సగటున ఆఱు వారములు గుడిలో నివసించి, చిన్న చిన్న పనులు చేయుచు, కుటుంబమువారు తోడుండగా, వారి రోగలక్షణములు దాదాపు అయిదవ వంతు తగ్గినవి. అచ్చట కొట్టుట లేదు, కట్టుట లేదు. దీనికి ప్రక్కనే మఱియొక చిత్రమును నిలుపుడు. అదే తమిళనాడులో ఏర్వాడి దర్గా చెంతనున్న యొక ప్రైవేటు ఆశ్రయమున 2001 ఆగస్టు 6న నిప్పంటుకొనగా, గొలుసులతో బంధింపబడి పరుగెత్తలేక 28 మంది మనోరోగులు కాలిపోయిరి. వారిని అచ్చటికి తెచ్చినవారును భక్తితోడనే తెచ్చియుందురు. చంపినది భక్తి కాదు, గొలుసు. మనోరోగులను గొలుసులతో కట్టుటను 2017లో చేసిన మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము నిషేధించినది.

గొలుసులు ఇనుముతోనే చేయబడవు. 2001లో అమెరికాలో కెన్నెత్ పార్గమెంటు మొదలగువారు 596 మంది వృద్ధరోగుల విషయము ప్రకటించిరి. దేవుడు నన్ను విడిచినాడు, దేవునికి నాపై ప్రేమ లేదు, ఇది దయ్యపు చేతయే అని కుమిలినవారు రెండేండ్లలోపల చనిపోవుట, అట్లు కుమలనివారికంటె ఎక్కువగ నుండెను. సోదరీమణులారా, ఈ సంగతిని మన యిండ్లకు తెచ్చుకొనుడు. బిడ్డ పోయిన తల్లితో ‘ఏ జన్మ పాపమో’ అందుము. సంతు లేని కోడలితో ‘నాగదోషము’ అందుము. భర్త పోయినదానిని శుభకార్యమునకు దూరముగ నుంచుదుము. దేవుడు నీపై కోపించినాడని చెప్పుటకంటె పెద్ద గొలుసు ఉన్నదా? దేవుడు నీ తోడనున్నాడని చెప్పుటకును అదే నోరు చాలును.

ఈ శాస్త్రమునకు హద్దు కలదు. దేవుడున్నాడా లేడా యని అది చెప్పదు, చెప్పజాలదు. 1927లో సిగ్మండ్ ఫ్రాయిడు దైవవిశ్వాసము తండ్రి నీడకై బిడ్డ పడు తపన వంటిదని వ్రాసెను. రామకృష్ణ పరమహంసుని చరిత్ర వ్రాయబూనిన రోమా రోలా, మతమునకు మూలము భయము కాదు, సముద్రమువలె హద్దులేని యొక యనుభూతియని అతనికి లేఖ వ్రాసెను. ఆ యనుభూతి తనకు కలుగలేదని ఫ్రాయిడు 1930లో నొప్పుకొని, అది తల్లి యొడిలో తాను వేఱు, తల్లి వేఱని యెఱుగని పసిబిడ్డ స్థితికి మిగిలిన జ్ఞాపకమై యుండునని సమాధానము చెప్పెను. ఆ సమాధానముతో రోలా యనుభూతి చెడిపోలేదు. ఫ్రాయిడు సందేహము తీరనులేదు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1967లో ఆచార్య కోనేరు రామకృష్ణారావుగారు మనశ్శాస్త్రముతోపాటు అతీంద్రియ విషయముల పరిశోధనకును శాఖను నెలకొల్పిరి. శాస్త్రము తలుపు మూసికొని కూర్చుండదనుట కది నిదర్శనము.

కాబట్టి ఇల్లాలు గుర్తుంచుకొనవలసిన దింతమాత్రమే. జాతరలో వచ్చి, హారతితో దిగి, మఱునాడు మనిషి తన పని తాను చేసికొనగలిగిన పూనకమును గౌరవింపుడు. పిలువక వచ్చి దినములకొలది విడువనిది, నిద్రాహారములను మాన్పించునది, ప్రాణము తీసికొందునని పలికించునది, మూర్ఛతో నాలుక కఱపించునది వైద్యునికి చూపవలసినది. కర్నూలు ప్రభుత్వ వైద్యశాలలోను, 1871లో స్థాపింపబడిన విశాఖపట్టణపు మానసిక వైద్యశాలలోను అట్టి చికిత్స కలదు. 2022 అక్టోబరునుండి టెలీ మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి ఉచితముగ సలహా పొందవచ్చును. వైద్యునికి చూపుట దేవుని కాదనుట కాదు. విభూతి పెట్టి, చేయి పట్టుకొని, వైద్యశాలకు తోడుగ పొండు. దయ్యము పట్టినదని ఎవరైన వేపమండ ఎత్తినపుడు మాత్రము ఆ చేతిని మీరే పట్టుకొనుడు.